తుడిస్తే పోని ఉత్తరాలు

ఎల్లారెడ్డిలో మొయినుద్దీన్ రాసిన ఒక ఉత్తరం చదివి దమ్మాంలో ఓ షేకు మూడు రోజులు అన్నం ముట్టలేదట. నాలుగో రోజు తన దగ్గర పనిచేసే ముప్పై మందికీ సెలవిచ్చి, పనిలో పనిగా ఒంటెలకు కూడా ఇచ్చాడట. ఒంటెల మాట అబద్ధమే కావచ్చు. కానీ అప్పుడు సెలవు మీద వచ్చినవాళ్లలో ఇద్దరు ఇంకా ఊళ్లోనే ఉన్నారు, అడిగితే ఒంటెల రంగు కూడా చెబుతారు.

డెబ్భై రెండులో పోస్టాఫీసు ఎదుట గోనెసంచి పరుచుకొని కూర్చున్న మనిషి పాతికేళ్లు లేవలేదు. చదువురాని తల్లులు, పెళ్లయి నెల తిరగని కోడళ్లు వచ్చి ముందు కూర్చుని ఏడిస్తే, ఆ ఏడుపును ఆయన నీలం కాగితం మీద ఉర్దూలో వరుసలుగా పేర్చేవాడు. ఏ ఉత్తరానికైనా ముందు పైన, నడిమధ్యన, 786 అని వేసేవాడు. దేవుని పేరు తలుచుకొని మొదలుపెట్టడానికి బదులుగా ఆ అంకె. గల్ఫు బస్సెక్కే ప్రతివాడి భుజం పట్టుకొని అదే మాట చెప్పేవాడు.

"ఏం రాసినా రాయకున్నా ముందుగాల అది రాయిరా. అది లేని ఉత్తరం తలకాయ లేని మనిషసొంటిది."

వాళ్లు అమ్మ చెప్పింది మరిచారు, నాయన చెప్పింది మరిచారు గానీ ఆయన చెప్పింది మరవలేదు.

తొంభై ఎనిమిది వచ్చేసరికి నీలం కాగితాలు తగ్గిపోయాయి. దుబాయి నుంచి వచ్చిన బామ్మర్ది కరీం ఒక కంప్యూటర్ తెచ్చి, కామారెడ్డి స్టేషన్ రోడ్డులో చిన్న గది పట్టి అందులో పెట్టాడు. "బావా, ఇగ ఉత్తరాలు దీంట్లనే వస్తయి. నువ్వు చూసుకో" అని చెప్పి తిరిగి విమానమెక్కాడు. అప్పటికి మొయినుద్దీన్‌కు యాభై ఎనిమిది. కలం పట్టిన వేళ్లు ఆ మీటల మీద కోడి గింజలు ఏరుకున్నట్టు ఏరుకుంటూ ఆర్నెల్లలో దారి పట్టాయి. పొద్దున్నే బస్సులో కామారెడ్డికి రావడం, టెలిఫోను తీగ తగిలించి వచ్చిన ఉత్తరాలు దించుకోవడం, వాటిని కాగితం మీదికి ఎక్కించి సాయంత్రం బస్సులో ఎల్లారెడ్డికి మోసుకుపోయి ఇంటింటి ముందు నిలబడి చదవడం. గోనెసంచి పోయి కుర్చీ వచ్చింది, అంతే తేడా.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో ఒక ఉత్తరం వచ్చింది. రియాద్‌లో తాపీపని చేసే ముక్తార్ భార్య కుల్సుంకు రాసింది. పైన మధ్యలో 786. కింద నాలుగు వరుసలు.

"ఈ యజమాని మూడేండ్ల సంది నా పాసుపోర్టు పట్టుకొని జీతం ఇస్తలేడు. ఇక్కడ్నుంచి పోతున్న. ఎక్కడికని ఎవరికీ చెప్పలే. పాత జాగకు ఫోను చెయ్యకు, ఈ ఉత్తరానికి జవాబు పంపకు, నాకే ముప్పు. వచ్చే శుక్రవారం కొత్త జాగ పతా రాసి, ఒక ఫొటో పంపుత. అది జాగ్రత్తగ పెట్టుకో. మల్ల రాసే వీలు ఉంటదో ఉండదో."

మొయినుద్దీన్ అది బస్టాండులో చదివి వినిపిస్తుంటే కుల్సుం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విన్నది. అయిపోయాక ఒకటే అడిగింది.

"ఇయ్యాల ఏం వారం చాచా?"

"బేస్తవారం బేటీ. రేపటిది కాదు, వచ్చే శుక్రవారానికి ఇంకా ఎనిమిది రోజులున్నది."

ఆ ఎనిమిది రోజుల్లోనే చెత్త ఉత్తరాలు వచ్చి పడ్డాయి. ఎవడో మొదలుపెట్టాడు, గల్ఫులో ఉన్న ప్రతివాడూ ముందుకు తోశాడు. పైన 786 అని ఉండేది. కింద, ఈ ఉత్తరం ఇరవై మందికి పంపితే మేలు, పంపకపోతే ఫలానా ఊళ్లో ఫలానావాడికి జరిగిందే నీకూ జరుగుతుంది అని. ఆ కింద మిణుకు మిణుకుమనే దీపాలతో పెద్ద బొమ్మ. ఆ బొమ్మ దిగడానికి అరగంట పట్టేది. టెలిఫోను లైను పదిహేను నిమిషాలకు మించి నిలిచేది కాదు.

మొయినుద్దీన్ వాటిని తుడిచాడు. మళ్లీ వచ్చాయి. తుడిచాడు. మళ్లీ వచ్చాయి. తెర మీద "నలభై రెండింటిలో ఒకటి" అని చూపిస్తుంది, ఆ ఒకటి సగం దిగుతుంది, లైను తెగుతుంది. మళ్లీ కలిపితే మళ్లీ ఒకటి. శుక్రవారం వచ్చి పోయింది. శనివారం, ఆదివారం.

పక్కన చాయ్ హోటలు సిద్దిరాములు తొంగిచూశాడు. "ఏంది చాచా, పొద్దుగాల్నుంచి ఒక్కతీరుగ మూల్గుతున్నదది? ఈతకొచ్చిన బర్రె లెక్క?"

"ఈనితే మంచిగుండు. దూడ అడ్డం తిరిగింది."

"మా ఊరి మంత్రసాని ఈరవ్వను పిలువమంటవా?"

"పిలువు. నిజామాబాద్ సారుకంటే ఆమెనే నయం."

నిజామాబాద్ సారంటే కంప్యూటర్లు బాగుచేసే నర్సింహులు. గదిలో ఉన్నది ఒకటే లైను. ఆయనతో మాట్లాడితే కంప్యూటర్ ఆగుతుంది, కంప్యూటర్ నడిపితే ఆయనతో మాట్లాడలేడు. అందుకని ఆయన చెప్పింది కాగితం మీద రాసుకొని, ఫోను పెట్టేసి, చేసి చూసి, కాకపోతే మళ్లీ ఫోను. అట్లా ఒక పూట గడిచింది.

"చాచా, నువ్వు ఇక్కడ తుడుస్తున్నవు గని అక్కడ సర్వర్ల తుడుస్తలేదు" అన్నాడు నర్సింహులు. "అన్నీ దించుకొని, సలాం చెప్పి బయటికొస్తేనే అది తుడుస్తది. నడుమ లైను తెగిందనుకో, నువ్వు అసలు రానే రాలేదనుకుంటది. మల్ల మొదటికే."

"మరి సలాం దాకా పోనిస్తలేదు కద సారూ!"

"అందుకే చెప్తున్న. ప్రోగ్రాంల రూల్ పెట్టు. ఇంత సైజు దాటిన ఉత్తరాలను దించకుండనే అక్కడికక్కడే తుడిచెయ్యమను. రేపటికల్లా చెయ్యి. నీ డబ్బా నిండింది. నిండినంక సర్వరోళ్లే మొత్తం ఊడ్చేస్తరు."

ఫోను పెట్టేసి మొయినుద్దీన్ కుర్చీలో వెనక్కి వాలాడు. సైజు దాటినవి. ముక్తార్ ఫొటో పంపుతానన్నాడు. ఫొటో ఉన్న ఉత్తరం పెద్దదే అవుతుంది. చెత్తతోపాటు అదీ పోతుంది. నర్సింహులు సారు తెలివిగలవాడే, కానీ ఆయనకు ముక్తార్ తెలియదు, కుల్సుం తెలియదు.

రూల్ పెట్టే చోట ఇంకో గడి కూడా ఉంది. సైజు కాకుండా మాట పెట్టొచ్చు. తలకట్టులో, అంటే ఉత్తరం పై వరుసలో, ఫలానా మాట ఉంటే తుడిచెయ్ అని. చెత్త ఉత్తరాలన్నిటి తలకట్టులో ఏముందో ఆయనకు కంఠతా వచ్చు.

ఆ అంకె ఉన్న చిత్తుకాగితాన్ని కూడా ఆయన జీవితంలో చెత్తలో వెయ్యలేదు. సంచిలో దాచి ఏడాదికోసారి పాత బావిలో వదిలేవాడు. ఇది కాగితం కాదు కదా, కరెంటు కదా అని మనసుకు చెప్పుకున్నాడు. ఒక ఆడపిల్ల కోసం కదా అనుకున్నాడు. గడిలో 7 కొట్టాడు, 8 కొట్టాడు, 6 కొట్టాడు. లైను కలిపాడు.

నలభై రెండింటిలో ముప్పై తొమ్మిది రెండు నిమిషాల్లో కడిగినట్టు పోయాయి. వారం రోజుల తర్వాత మొదటిసారి ప్రోగ్రాం సలాం చెప్పి బయటికొచ్చింది.

"సిద్దిరాములూ! పోయినయిరా!" అని కేకేశాడు. సిద్దిరాములు చేతిలో చాయ్ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు.

ఇన్‌బాక్సులో మూడే మిగిలాయి. ఒకటి లాటరీ. ఒకటి జుట్టు మొలిచే మందు. మూడోది పిట్లం పోచయ్య కొడుకు మస్కట్ నుంచి తండ్రికి రాసింది. మొయినుద్దీన్ దాన్ని తెరిచాడు. పైన మధ్యలో "శ్రీరామ" అని ఉంది. కింద "బాపుకు దండాలు" అని ఉంది.

ఆ పై మాట దగ్గరే ఆయన చూపు ఆగిపోయింది. పోచయ్య కొడుకు తలకట్టు వాళ్ల నాయన నేర్పింది. మిగతావాళ్ల తలకట్టు నేర్పింది ఎవరు?

"ఏమైంది చాచా? చాయ్ చల్లగైతున్నది."

మొయినుద్దీన్ ఫోను అందుకొని నిజామాబాద్‌కు కలిపాడు. చేసింది చెప్పాడు.

"సైజు పెట్టుమన్న కద చాచా" అన్నాడు నర్సింహులు.

"మల్ల తేలేమా?"

"సర్వర్ల పోయినంక దేవుడే తేవాలె."

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇదివరకు ఆయన ఎన్నో ఉత్తరాలకు వరుసలు చేర్చాడు. కొడుకు రెండు ముక్కలు రాస్తే తల్లికి పది ముక్కలు చదివాడు, అలిగిన మొగుడి ఉత్తరంలో లేని ముద్దుమాటలు పెట్టి చదివాడు. ఇప్పుడూ చదవగలడు. ముక్తార్ బాగున్నాడని, చిక్కాడని, గడ్డం పెంచాడని. కానీ కుల్సుంకు కావలసింది పతా, అతని చిరునామా. అబద్ధపు పతా రాసిస్తే ఆమె దానికి నిజం ఉత్తరాలు రాయిస్తుంది.

బస్టాండులో కుల్సుం నిలబడి ఉంది. ఆయన చేతుల వైపు చూసింది. చేతుల్లో కాగితం లేదు.

"రాలేదా చాచా?"

ఆయన దాచకుండా అంతా చెప్పాడు. తుడిచానని చెప్పాడు, ఏ అంకె పెట్టి తుడిచాడో కూడా చెప్పాడు.

"అయితే అండ్ల ఆయనది ఉండెనా?"

"తెల్వది బేటీ. ఉండొచ్చు. అసలు రాసిండో లేదో కూడ ఇగ తెల్వది."

ఆమె అరుస్తుందని, ఏడుస్తుందని ఎదురుచూశాడు. ఏడ్చినవాళ్లను ఎట్లా సముదాయించాలో ఆయనకు తెలుసు. కుల్సుం ఏడవలేదు.

"ఆయనకు 786 మీరే నేర్పిండ్రు" అంది. తిట్టినట్టు కాదు, జ్ఞాపకం చేసినట్టు. "బస్సు మెట్టు మీద నిలబెట్టి చెప్పిండ్రు. నేను పక్కనే ఉన్న."

మరునాడు మొయినుద్దీన్ కామారెడ్డికి పోలేదు. పోస్టాఫీసు ఎదుట పాత జాగాలో గోనెసంచి పరిచాడు. పదిగంటలకు కుల్సుం వచ్చి ముందు కూర్చుంది. నీలం కాగితం కొని తెచ్చింది.

"రాయండి చాచా. నేను బాగనే ఉన్న అని రాయండి. రోజు బస్టాండుకు పోతున్న అని రాయండి."

కలం పట్టగానే చెయ్యి తనంతట తానే పైన మధ్యలోకి పోయింది. 786 వేశాడు. ఆమె చెప్పినదంతా రాశాడు, ఒక్క మాట కూడా చేర్చలేదు. మడిచి జిగురు పెట్టి బోర్లించాడు. చిరునామా రాయాల్సిన నాలుగు గీతలు పైకి వచ్చాయి. మొదటి గీత మీద ముక్తార్ పేరు రాసి కలం ఎత్తాడు.

కుల్సుం చెయ్యి చాపి, మిగతా మూడు గీతలూ ఖాళీగా ఉన్న ఆ ఉత్తరాన్ని తీసుకొని రవికలో పెట్టుకొని లేచింది.