లచ్చత్త గడపకు నేనిచ్చిన కోడ్

ఒకే ఒక్క కోడ్‌తో ఒక కొత్త ఇంటి పరువునూ, మా సాహెబ్ మర్యాదనూ ఒకే పొద్దుటిపూట మంటగలిపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఆ లోటు ఈ రోజుతో తీరిపోతుంది. ఆ మనిషిని నేనే.

తొంభైల చివర్లో సంగతి. మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌లో ప్రతి ఎస్టీడీ బూత్ పక్కనా ఒక కంప్యూటర్ క్లాసు బోర్డు వేలాడుతున్న రోజులు. నేను డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, ఆ క్లాసులో మూడు నెలలు మౌసు పట్టి, వాసేకర్ సాహెబ్ అనే ఇంజినీరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీసే పనిలో చేరాను. ఆఫీసుకంతా ఒకటే కంప్యూటర్. దానికి ఏసీ గది, మనుషులకు ఫ్యాను. చెప్పులు బయట విప్పి, కాళ్ళు తుడుచుకొని లోపలికి వెళ్ళేవాళ్ళం. ఆ చల్లదనం తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం హాయిగా ఉంటుంది. మా ఊరి ఎండ తిన్నవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

సాహెబ్ అప్పుడే ఒక కొత్తరకం సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. ఉత్త గీతలు కాదు, తెర మీద ఇల్లే కట్టి చూపిస్తుంది. తలుపు పెడితే గోడకు కన్నం అదే చేసుకుంటుంది. తలుపులు, కిటికీల పట్టిక కూడా అదే రాస్తుంది. కాకపోతే ఆ పట్టికలో కొలతలే వచ్చేవి, దేనికి ఏ రంగు వేయాలో వచ్చేది కాదు. వారం రోజులు దానితో కుస్తీ పట్టి, రంగుల కోడ్ కోసం నేను ఇంకో గడి తెప్పించాను. ఎఫ్-1 అంటే వార్నిష్, ఎఫ్-2 అంటే తెల్ల పెయింటు, అలా. ఆ గడి కనిపించిన రోజు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

సరిగ్గా అప్పుడే లచ్చత్త ఇల్లు వచ్చింది. చుట్టం కాదు, లాల్‌పేట్‌లో మా పక్క క్వార్టర్ ఆమెది. మా నాన్న, ఆమె భర్త పోశం మామ ఒకే బొగ్గుబాయిలో పనిచేసేవారు. మామ రిటైరయ్యాక సొంత ఇల్లు మొదలుపెట్టారు.

"బిడ్డా, నాకు ఇంకేం వద్దు," అంది లచ్చత్త. "ముప్పై ఏండ్లాయె, క్వార్టర్‌ల గడప యాడుంది? సిమెంటు పట్టీ. పండుగకు పసుపు రాస్తే చెప్పులకే అంటుకపాయె. నా ముందటి తలుపుకు మంచి టేకు గడప, దానికి పసుపు రంగు, మీద ఎర్ర బొట్లు కావాలె. పెయింటే వేయించు. నేను చచ్చిందాక పోవద్దు."

అంటుండగానే ఆమె కళ్ళు తడిశాయి. ఆ ఒక్క గడప కోసమే కొత్త కోడ్ పుట్టించాను. ఎఫ్-7, పసుపు పెయింటు, పైన ఎర్ర బొట్లు.

ఇక్కడిదాకా నేను మంచిదాన్నే. తర్వాతే బుద్ధి గడ్డి తిన్నది. ముందు తలుపు అంత ముద్దుగా వచ్చాక మిగతావి మళ్ళీ మొదటినుంచి ఎందుకని, దాన్నే కాపీ కొట్టి, వెడల్పు తగ్గించి, ఇల్లంతా పెట్టేశాను. వెడల్పు మారింది. కోడ్ మారలేదు. పట్టికలో తలుపులన్నిటికీ ఎఫ్-7, ఎఫ్-7 అని వరసగా నిలబడితే, ఎంత శుభ్రంగా వచ్చిందో అని మురిసిపోయి ప్రింటు తీశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు కంప్యూటర్ నేర్పితే ఉన్న కళ్ళు కూడా పోయాయి!

విరూర్ నుంచి రైల్లో వచ్చే పెయింటర్ మల్లేశన్న, పాపం, అడగనే అడిగాడు.

"చెల్లే, అన్ని తలుపులకు పసుపు గడపనేనా?"

"లిస్టుల ఏముందన్నా?"

"గదే ఉంది."

"మరి గదే."

"సండాస్‌కు గూడానా? దానికి కట్టె గడప గూడ లేదు, ఉత్త బండ."

నేను తెర మీంచి తల తిప్పలేదు. "బండకే వెయ్యి. కంప్యూటర్ తీసిన లిస్టది."

లోపలినుంచి సాహెబ్ అందుకున్నాడు. "అరే బాబా, కంప్యూటర్ కధీ చుకత్ నాహీ!"

కంప్యూటర్ ఎన్నడూ తప్పు చేయదని ఇంజినీరే మరాఠీలో తీర్పు చెప్పాక మల్లేశన్న ఏమంటాడు? మరుగుదొడ్డి బండ కడిగి, ఆరబెట్టి, పసుపు పూసి, తొమ్మిది బొట్లు పెట్టాడు.

గడపను మంచిరోజునే మొదటిసారి చూస్తానని పట్టుబట్టి, రంగులు వేసే రోజుల్లో లచ్చత్త ఆ దిక్కుకే రాలేదు. గృహప్రవేశం నాడు వంగి, ముందు గడపను తాకి కళ్ళకద్దుకుంది. "నా బతుకు నిండింది బిడ్డా," అని నా బుగ్గలు నిమిరింది. నేను పూరీలా పొంగాను. లోపల అడుగుపెట్టాం. వంటింటికి పసుపు గడప. రెండు పడకగదులకూ పసుపు గడపలు. పెరటి తలుపుకూ అదే. లచ్చత్త నవ్వు గడపకింత చొప్పున తరుగుతోంది.

"ఏందే, గడపల దుకాణం పెట్టిండ్లా?" అన్నారు ఊర్జానగర్ నుంచి వచ్చిన చుట్టాలు.

అంతలో పోశం మామ తల్లి, కళ్ళు మసకలు కమ్మిన ముసలమ్మ, కర్ర తాటించుకుంటూ హాలు చివర బొట్లున్న తలుపు ముందు ఆగింది. "దేవుని అర్ర గిక్కడుందా," అని అగరుబత్తి వెలిగించి, దండం పెట్టి, తలుపు తోసింది.

లోపల వాసేకర్ సాహెబ్ ఉన్నాడు. గడియ ఇంకా బిగించలేదు.

"ఆజీ! థాంబా! ఆజీ!" అవ్వా, ఆగమని సాహెబ్ మరాఠీలో పెట్టిన కేక వాకిట్లో ఉన్న వంటవాళ్ళకు కూడా వినిపించింది.

ఇల్లంతా నా వైపు తిరిగింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. "అత్తా, రేపే అన్నీ గీకిపిస్త," అన్నాను, ఏడుపు గొంతుతో.

లచ్చత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అక్కడే కూలబడింది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది.

"ఒక్క గడప లేదని ముప్పై ఏండ్లు ఏడ్చిన. దేవుడు ఆరిచ్చిండు. ఎట్ల గీకిపిస్తవే? ఉండనీ!"

ఆమె ఉన్నన్నాళ్ళూ, రంగు వెలిసినప్పుడల్లా ఐదు గడపలకూ బొట్లు దిద్దించింది. అలాంటి మనిషి మళ్ళీ నాకు దొరకలేదు. ఐదేనా, ఆరు కదా అంటారేమో. ఆరోదాని సంగతి ఆమె ఆ పూటే తేల్చేసింది. నా చేతిలో ఒక గుడ్డ, టర్పెంటైన్ సీసా పెట్టి, "గీ ఒక్కటి నువ్వే తుడువు. బువ్వ తర్వాత," అంది.

ఇరవై మంది చుట్టాలు వరసకట్టి చూస్తుండగా, తొమ్మిదో బొట్టు దగ్గర ప్రమాణం చేశాను. సూర్యచంద్రుల సాక్షిగా, ఈ జన్మలో సింహద్వారాన్ని కాపీ కొట్టి మరుగుదొడ్డి తలుపు చేయను. ఖర్మ కాలి చేసినా, దానికి లోపలి గడియ బిగించందే ఆ ఇంటికి ముహూర్తం పెట్టనివ్వను.