పెద్ద బ్యాటరీకి పెంటప్ప ఇచ్చిన మరణ ధ్రువపత్రం

సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో మగ్గం మోటార్ ఆగిపోతే దేవుణ్ణి తలుచుకునేవాళ్లు తక్కువ, చిలువేరి పెంటప్పను తలుచుకునేవాళ్లు ఎక్కువ. దేవుడు ఎప్పుడు పలుకుతాడో చెప్పలేం. పెంటప్ప మాత్రం సైకిల్ మీద పది నిమిషాల్లో వస్తాడు. ముప్ఫై నాలుగేళ్లుగా పవర్‌లూమ్ మోటార్లకు వైద్యం చేస్తున్న మనిషి. వచ్చీరాగానే స్క్రూడ్రైవర్ తీయడు, మీటర్ తీయడు. మోటార్ వెనక ఫ్యాన్ మూత దగ్గర వంగి, అక్కడ పేరుకున్న నూలు దుమ్మును వేళ్లతో పీకి పారేస్తాడు. "దీనికి ఊపిరాడ్తలేదు. ముక్కు మూస్తే మనిషైనా ఏం పని చేస్తడు?" అంటాడు. సగం మోటార్లు ఆ ఒక్క ప్రశ్నతోనే తిరుగుతాయి. మిగిలిన సగానికే విద్య కావాలి.

అటువంటి మనిషి పక్క గల్లీ లక్ష్మణ్ కారు విషయంలో ఎలా నడుచుకున్నాడన్నది పేట చరిత్రలో చేరిపోయింది.

లక్ష్మణ్ మగ్గం పని మానేసి, పుణె వెళ్లి పన్నెండేళ్ల వయసున్న, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారు కొన్నాడు. తుల్జాపూర్, అక్కల్‌కోట్, పండరీపురం యాత్రికులను తిప్పాలని సంకల్పం. కొనే ముందు కారును పరీక్షించడానికి పెంటప్పను వెంట తీసుకుపోయాడు. పెంటప్ప బానెట్ ఎత్తి చూశాడు. లోపల బొటనవేలంత లావు నారింజ రంగు తీగలు, ఆయన ఎన్నడూ చూడనివి. ఆయన కాసేపు మౌనం పాటించి, బానెట్ మెల్లగా మూసి, "పక్కా మాల్" అన్నాడు. ఆ మౌనాన్ని లక్ష్మణ్ అనుభవం అనుకున్నాడు. నిజానికి అది భయం.

కారు పూజ రోజు పెంటప్పకు ఇక్కడి ఆచారం ప్రకారం టోపీ, టవల్ పెట్టి సత్కరించారు. ఆయన ఊరుకుంటాడా? తాను బాగుచేసిన మగ్గం మీద నేసిన కొత్త చద్దర్ దుప్పటి తెచ్చి వెనక సీటు మీద పరిచాడు. ప్రయాణికులు అటూ ఇటూ జరిగినా కదలకూడదని రెండు చివర్లూ సీటు సందుల్లోకి గట్టిగా దోపాడు. చేసిన పనిలో లోపం ఉండకూడదన్నది ఆయన నియమం.

వేసవి వచ్చింది. తుల్జాపూర్ ఘాట్ రోడ్డు మీద కారు ముందు అద్దం కింద ఎర్ర త్రికోణం వెలిగింది. బలం సన్నగిల్లింది. యాత్రికులు దిగి, మొక్కు ఉన్నవాళ్లలాగా మిగతా దారి నడిచి ఎక్కారు. మర్నాడు కారు అసలు స్టార్టే కాలేదు. పెంటప్ప వచ్చి, డిక్కీలో ఉన్న చిన్న బ్యాటరీకి పచ్చగా పట్టిన చిలుము గీకి, చార్జింగ్ పెట్టి నడిపించాడు. ఆయన పేరు మరో మెట్టు ఎక్కింది. వారం తిరక్కుండా ఎర్ర త్రికోణం మళ్లీ వచ్చింది. చార్జింగ్ చూపించే గీతలు ఒకసారి నిండుగా, మరు నిమిషానికి అడుగున. రోగం ఈ చిన్న బ్యాటరీది కాదు, వెనక సీటు వెనక కూర్చుని కారును నడిపే పెద్ద బ్యాటరీది.

ఆ రోజు లక్ష్మణ్ భార్య సావిత్రి గడప మీద చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తి ఒక మాట అన్నది. "మామా, ఎనక సీటు పక్కన ఏదో బుస్సుబుస్సు మంటున్నది. ఆయాసమొచ్చిన ముసలోని లెక్క."

"బిడ్డా, నువ్వు బీడీలు లెక్కవెట్టుకో," అన్నాడు పెంటప్ప.

ముప్ఫై నాలుగేళ్లలో ఆయన నోట "నాకు తెల్వదు" అన్న మాట రాలేదు. ఆ రోజూ రాలేదు. బదులుగా గంభీరమైన ముఖం పెట్టి, గల్లీ అంతా వినేటట్టు తీర్పు చెప్పాడు. "పెద్ద బ్యాటరీ ఖతం. చచ్చిపోయింది."

"ఎట్ల చచ్చింది కాకా?" అన్నాడు లక్ష్మణ్.

చావుకు కారణం రాయని ధ్రువపత్రం చెల్లదు కదా. పెంటప్ప చుట్టూ చూశాడు. సావిత్రి ముందున్న నానబెట్టిన బీడీ ఆకు కనబడింది. "డిక్కీల ఆకు పెట్టిండ్రా ఎప్పుడన్న?"

పెట్టారు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లోని తల్లిగారింటికి పోయిన రెండుసార్లు, అక్కడ పని ఆగకూడదని సావిత్రి నానిన ఆకు మూట వెంట తీసుకుపోయింది.

"గదీ సంగతి. తడి ఆకు ఆవిరి సెల్లులల్లకు పోయింది."

లక్ష్మణ్ భార్య వైపు చూశాడు. గల్లీలో ఏమీ అనలేదు. ఇంట్లో అన్నాడు. ఆ రోజు నుంచి సావిత్రికి కారెక్కే భాగ్యం పోయింది. చుట్టిన బీడీల గంప నెత్తిన పెట్టుకుని బీడీ కార్ఖానాకు నడిచింది. పక్కింటి యల్లమ్మ దారిలో ఆపి మరీ అడిగింది. "ఏందే సావిత్రీ, మీ ఆయన కారును ఆకుల చుట్టి దారం కట్టినవంట?" అందరూ నవ్వారు. సావిత్రి నవ్వలేదు. తొమ్మిది రోజులు ఆమె తల వంచుకునే తిరిగింది.

లక్ష్మణ్ మళ్లీ మగ్గానికి పోయాడు. కారును తుక్కుకు కొనే మనిషి సోమవారం వస్తానన్నాడు. ఆదివారం పొద్దున పెంటప్పకు, చద్దర్ కూడా తుక్కులో పోతుందేమోనన్న బెంగ పట్టుకుంది. తాళంచెవి అడిగి తీసుకుని, ఒంటరిగా వచ్చి వెనక తలుపు తెరిచాడు. చద్దర్ అంచు పట్టి లాగాడు. ఒక చివర వచ్చింది. రెండో చివర రాలేదు, లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు. ఇంకాస్త గట్టిగా లాగితే, దానితో పాటు అరచేతి మందాన నూలు దుమ్ము దిమ్మగా ఊడి వచ్చింది. దాని వెనక గాలి పోయే చిన్న జాలీ. జాలీ వెనక ఫ్యాన్. పెద్ద బ్యాటరీ గాలి పీల్చుకునే చోటు అది. కారుకు ఉన్న ముక్కు అదొక్కటే. దాన్ని ఆయన కొత్త చద్దర్‌తో మూసి, జారకుండా జాగ్రత్తగా దోపాడు.

పెంటప్ప ఆ వెనక సీటు మీదే కూర్చుండిపోయాడు. కూలి మోటార్లకు షెడ్డుషెడ్డునా చూసే ముక్కును ఈ దొర మోటార్‌కు చూడలేదు. నారింజ తీగలకు దండం పెట్టుకునే తొందరలో ఉన్నాడు. పైగా సావిత్రి బుస్సుబుస్సు అని చెప్పింది. ఊపిరాడటం లేదని తాను రోజూ చెప్పే మాటే అది. కొంచెం మారిందంతే. చుట్టూ ఎవరూ లేరు. సిగ్గుపడటానికి ఎవరూ ఉండనక్కర్లేదని ఆయనకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది.

స్విచ్ ఆపి, నారింజ తీగల జోలికి పోకుండా, జాలీ మరలు విప్పాడు. పాత టూత్‌బ్రష్‌తో ఫ్యాన్ రెక్కలు ఒక్కొక్కటీ శుభ్రం చేశాడు. గంటన్నర పని. సాయంత్రం లక్ష్మణ్‌తో కలిసి కారులో ఘాట్ ఎక్కి దిగాడు. త్రికోణం రాలేదు.

"కాకా! చచ్చినదాన్ని లేపినవ్ గదనే! ఏం జేసినవ్?"

చద్దర్ అన్న ఒక్క మాట చాలు. "సెల్లులు బ్యాలెన్స్ చేసిన," అన్నాడు పెంటప్ప.

"తుక్కాయనను రావద్దని చెప్త. ఇగ దీంట్లకు ఆకు ఎక్కనియ్య. సావిత్రి ఏడ్చినా సరే, ఎక్కనియ్య," అన్నాడు లక్ష్మణ్ సంతోషంగా.

ఆ రాత్రి పెంటప్ప కంచం ముందు అన్నం కలిపి కలిపి వదిలేశాడు. భార్య శాంత అడిగితే మొత్తం చెప్పేశాడు. శాంత కూడా సావిత్రి పక్కన కూర్చుని బీడీలు చుట్టే మనిషే. విని, కంచం తీసేస్తూ అన్నది. "కారు బాగైంది, సంతోషం. ఆ పిల్ల ఎన్నడు బాగైతదయ్యా?"

మర్నాడు పొద్దున గల్లీలో ఆడవాళ్లందరూ చాటలతో గడపల మీద ఉన్నారు. లక్ష్మణ్ కారు తుడుస్తున్నాడు. పెంటప్ప ఉతికిన చొక్కా వేసుకుని మధ్యలో నిలబడ్డాడు.

"విషయమేందంటే," అని మొదలుపెట్టాడు, "వాహనానికి సంబంధించి మొన్న నేను వెలిబుచ్చిన అభిప్రాయంల, ఆకు అనేది ముఖ్య కారణం కాకపోయి ఉండొచ్చని, మరింత లోతుగ పరిశీలించిన మీదట..."

"ఏమంటున్నవురా?" అన్నది యల్లమ్మ. "తెలుగుల రాకపోతే మరాఠీల చెప్పు."

సావిత్రి ఆకు మీంచి కత్తెర తీయలేదు. తల ఎత్తలేదు. "మామా," అన్నది, "ఆనాడు గల్లీ చివరిదాక ఇనపడ్డది. ఇయ్యాల రెండడుగుల దూరమున్న నాకే ఇనపడ్తలేదు."

పెంటప్ప కళ్లు మూసుకున్నాడు. "తప్పు నాది!" అని అరిచాడు. "ఆకు ఏం జెయ్యలే. నా చద్దర్ కారు ముక్కు మూసింది. పిల్ల ముందే చెప్పింది, నేను ఇనలే. నిన్న సెల్లులు బ్యాలెన్స్ చేసిన అన్నది గూడ అబద్ధం. బ్రష్‌తోని దుమ్ము దులిపిన, అంతే!"

ఎక్కడో మగ్గం ఆగింది. లక్ష్మణ్ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. యల్లమ్మ మొదలుపెడితే గల్లీ అంతా నవ్వింది. పెంటప్పకు పారిపోవాలనిపించింది. అయినా నిలబడ్డాడు.

లక్ష్మణ్ ముందుకు వచ్చి, నేల చూస్తూ, "ఎక్కు సావిత్రీ, కార్ఖానాకు ఇడుస్త," అన్నాడు.

"నక్కో, నాకొద్దు," అన్నది సావిత్రి. లేచింది. బీడీ కట్టల గంప ఎత్తి తన నెత్తిన పెట్టుకోలేదు, పెంటప్ప చేతుల్లో పెట్టింది. "నేను తొమ్మిది దినాలు మోసిన. ఇయ్యాలొక్కనాడు నువ్వు మొయ్యి మామా."

ఆయన నెత్తిన పెట్టుకుని మోశాడు. సావిత్రి ముందు నడిచింది, ఇప్పుడు తల ఎత్తుకుని. వెనక లక్ష్మణ్ కారు ఇంజన్ చప్పుడు లేకుండా నడక వేగంతో వచ్చింది, పిలిస్తే ఎక్కుతుందేమోనని. దారి పొడుగునా మగ్గాల షెడ్లు, ప్రతి షెడ్డులో పెంటప్ప బాగుచేసిన మోటార్లు, ప్రతి గుమ్మంలో ఒక మనిషి. "అరే పెంటప్పా, గంపేంది నీ నెత్తిన?" అని అడగనివాడు లేడు.

మొదటి షెడ్డు దగ్గర పెంటప్ప జవాబు నసిగాడు. సావిత్రి ఆగి, వెనక్కి తిరిగి చూసింది. రెండో షెడ్డు నుంచి ఆయన గట్టిగానే చెప్పాడు. కార్ఖానా దాకా పద్నాలుగు షెడ్లు ఉన్నాయి.