బ్యాంకాక్ నుంచి ముందే వచ్చిన ఫోన్

దెయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. మా పెడనలో నేను అద్దకం గుడ్డలు ఉతికే కాలవగట్టు శ్మశానాన్ని ఆనుకునే ఉండేది. ఇరవై ఏళ్లలో అక్కడ ఏ వింతా చూడలేదు. అందుకే ఈ సంగతి ఎవరికైనా చెప్పాలంటే సిగ్గేసేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక బట్టల ప్రదర్శనలో కలంకారీ అద్ది చూపించడానికి నన్ను బ్యాంకాక్ పంపారు. విమానం ఎక్కడం అదే మొదలు. తెల్లారేసరికి దిగాను. హోటల్లో పెట్టె పడేసి, ఇంటికి ఫోన్ చేద్దామని రోడ్డెక్కాను. చేరానని చెప్పకపోతే నా భార్య నాగమణి అన్నం ముట్టదు.

అప్పటికే రోడ్డు నిండా మోటారు సైకిళ్లు. అవతలికి దాటడానికే భయమేసింది. ఫోన్ కార్డు కొన్నాను గానీ వాడటం తెలియదు. బూత్‌లో ముప్పావుగంట తంటాలు పడ్డాను. నంబరు నొక్కినప్పుడల్లా ఏదో అర్థంకాని భాషలో మాటలు.

ఆఖరికి మా పక్కింటి రత్తమ్మగారి ఫోన్ కలిసింది. నా వాచీ ఇంకా మన టైములోనే ఉంది. ఏడింటికి పది నిమిషాలు తక్కువ.

"మళ్ళీ చేశావా బాబూ? ఉండు, పిలుస్తా," అన్నారావిడ.

నాగమణి ఏడుస్తూ వచ్చింది. "మీరు చెప్పబట్టి మన పాప బతికిందండీ! లేపి ఇవతలికి తెచ్చానో లేదో, వసారా గోడ మంచం మీద కూలింది. వారం నుంచీ ముసురు కదా, నానిపోయింది."

"నేనెప్పుడు చెప్పాను?"

"అదేంటండీ, ఆరుంబావుకి ఫోన్ చేసి పాపని లేపమన్నారుగా!"

లైను తెగిపోయింది.

ఆరుంబావుకి నేను ఆ బూత్‌లోనే ఉన్నాను. ఒక్క ఫోనూ కలవలేదు. అప్పటిదాకా కార్డులో డబ్బు కూడా తగ్గలేదు.

ఇంటికొచ్చి విరిగిన మంచం చూశాను. రత్తమ్మగారిని విడిగా అడిగాను. "నీ గొంతు నాకు తెలీదా బాబూ?" అన్నారు. నాగమణి హడలిపోతుందని నేనిక ఆ ఊసెత్తలేదు.

పాప కాలేజీలో చేరిన ఏడాది మనసు ఉండబట్టక చెప్పేశాను, ఆ మొదటి ఫోన్ నేను చెయ్యలేదని.

నాగమణి మెల్లగా, "ఆ మాట మీరు ఆ మొదటి ఫోన్లోనే అన్నారండీ," అంది.

"ఏమని?"

"'కాసేపట్లో మళ్ళీ చేస్తాను, అప్పుడు నాకీ సంగతి తెలీదు, కంగారుపడకు' అన్నారు. నిద్రలేక ఏదో అంటున్నారనుకున్నా."

ఆ ఫోన్ ఎవరు చేశారో ఇప్పటికీ తెలియదు. నేను కాదని మాత్రం మునుపటంత గట్టిగా చెప్పలేకపోతున్నాను.