గాడిదపాల క్రీము

పోలీసు చర్య రోజులవి. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. రజాకార్ల భయంతో సికింద్రాబాద్‌లో మా వీధిలో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. నా కళ్లకింద నల్లటి వలయాలు చూసి, పెళ్లిచూపులు దగ్గర పడుతున్నాయని అమ్మ బెంగపడింది. రెజిమెంటల్ బజార్‌లో అత్తరు అమ్మే తాత దగ్గర, పట్టుచీర వచ్చేంత ఖరీదు పెట్టి ఒక క్రీము డబ్బీ తెచ్చింది. అందులో ముత్యాల పొడి, కుంకుమపువ్వు, గాడిదపాలు ఉన్నాయట.

ఒక సాయంత్రం అది కళ్లచుట్టూ పట్టించి ఆరబెట్టుకుంటుంటే, "హిందుస్తాన్ పటాలం వచ్చింది" అని వీధిలో కేకలు వినబడ్డాయి. మొహం సంగతి మరిచి పరుగెత్తాను. నన్ను చూసి ఒక సిపాయి గాభరాగా లారీ దిగాడు. కాలిన గాయాలకు మందు రాశారనుకున్నాడు.

"గాయం గీయం ఏం లేదు బేటా, గధీ కా దూధ్," అని అమ్మ తనకొచ్చిన ఉర్దూలో గాడిదపాల గుట్టు చెప్పేసింది.

సిపాయి పకపకా నవ్వాడు. ఆ నవ్వు నెలల తరబడి గుసగుసలే తెలిసిన మా వీధికంతా అంటుకుంది. నేను మాత్రం అమ్మ కొంగు చాటున దూరాను.

ఆ రోజు నుంచి అందరం ఒళ్లు మరిచి నిద్రపోయాం. కొద్దిరోజులకే నా వలయాలు పోయాయి. అత్తరు తాత నా మొహం చూసి మురిసిపోయాడు.

"నే చెప్పలేదా బిడ్డా, గాడిదపాలకు జెర తాకత్ ఎక్కువనే."

నిద్ర సంగతి ఆయనకు మేం చెప్పలేదు.