అలవాటు చేసుకోకు

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని తోటి పనివాళ్ళు బొంగరం అని పిలిచేవారు. కుర్చీ చూపిస్తే కూర్చోడు. కూర్చుంటే కాలు ఊపుతాడు. కాలు ఊపొద్దంటే లేచి నిలబడతాడు. ఆదివారం ఇంట్లో ఉన్నాడంటే, చక్కగా తిరుగుతున్న ఫ్యాను కూడా విప్పేస్తాడు. “ఈయన కాలు నిలిచిందంటే ఆ రోజు డాక్టర్ని పిలవాల్సిందే” అనేది భార్య.

ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఆ ఏడు క్రిస్మస్‌కి అనాథాశ్రమం పిల్లల్ని చర్చివాళ్ళు తలా ఒక ఇంటికి పంపుతున్నారని తెలిసి, మనమూ ఒక పాపను రెండు రోజులు తెచ్చుకుందామంది. తొమ్మిదేళ్ళ కూతురు ఎగిరి గంతేసింది. బొంగరం సరేనన్నాడు గానీ, ఆ రోజు నుంచి కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. తలుపు గడియకు నూనె వేశాడు. వేసిన గడియకే మర్నాడు మళ్ళీ వేశాడు.

పండగ ముందురోజు ఆశ్రమం వార్డెన్ వచ్చింది. రావలసింది ఐదేళ్ళ పాప ఒక్కతే. ఆ పాప చెయ్యి పట్టుకుని పదమూడేళ్ళ అక్క కూడా గుమ్మంలో నిలబడి ఉంది.

“చెయ్యి వదలనంటోందమ్మా. విడదీయబోతే చిన్నది గుక్కపట్టి ఏడుస్తోంది. మీకు కష్టమనిపిస్తే ఇద్దర్నీ వెనక్కి తీసుకెళ్ళిపోతాను” అంది వార్డెన్ మొహమాటంగా.

“గుమ్మం దాకా వచ్చిన పిల్లల్ని పంపేస్తామా? రండమ్మా లోపలికి” అంది భార్య. అంది గానీ, ఆవిడ కుట్టి ఉంచింది ఒకటే చిన్న గౌను. కాసేపటికి ముందుగది కిటికీకి పరదా లేదు. దాని నీలిరంగు గుడ్డ మిషను కింద పరుగెడుతోంది.

పెద్దది కుర్చీ అంచున కూర్చుంది. సంచీ ఒళ్ళోంచి దించలేదు. చిన్నది బొమ్మను ముట్టుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. భోజనం కాగానే ఎవరూ చెప్పకుండానే పళ్ళేలన్నీ తోమేసింది, తోమినవాటిని తుడిచేసింది, పొయ్యి గట్టు కూడా కడిగేసింది.

“చుట్టపుచూపుగా వచ్చిన పిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ?” అని భార్య ఆ పిల్ల చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

“అలవాటే ఆంటీ” అంది ఆ పిల్ల.

అప్పుడే కూతురు కడుపులో మాట కక్కేసింది. తన ఈడు స్నేహితురాలు వస్తుందనుకుంటే ఒకటి మరీ చిన్నది, ఒకటి మరీ పెద్దది. “మీరెప్పుడు వెళ్ళిపోతారు?” అని అడిగింది.

భార్య కూతురి నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. పెద్దది మాత్రం ఏమీ అనుకోలేదు. “ఎల్లుండి పొద్దున్న” అంది, బస్సు వేళ చెప్పినట్టు.

బొంగరం అక్కడ నిలవలేక వరండాలోకి వెళ్ళి కాగితం నక్షత్రంలో బల్బు బిగిస్తున్నాడు. కిటికీకి పరదా లేదు కదా, లోపల అక్కాచెల్లెళ్ళ మాటలు వినబడ్డాయి.

“అక్కా, ఈ పరుపు ఎంత మెత్తగా ఉందో!”

“అలవాటు చేసుకోకు.”

ఆ మాట విని ఆయన బల్బు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. చిన్నప్పుడే అమ్మా నాన్నా పోతే మేనమామల ఇళ్ళలో పెరిగిన మనిషి. ఖాళీగా కూర్చుంటే తిన్నది ఎవరికైనా గుర్తొస్తుందని ఎప్పుడూ ఏదో ఒక పని పట్టుకుని తిరిగేవాడు. నీళ్ళు మోసేవాడు, చీపురు పట్టేవాడు, పాడైన గడియారం దొరికితే పండగే. ఆ సంగతి భార్యకు కూడా సరిగ్గా తెలియదు. కూర్చోలేని జబ్బు ఎక్కడ అంటుకుందో ఆయనే ఎన్నడూ ఆలోచించుకోలేదు.

క్రిస్మస్ రోజు చర్చి నుంచి వచ్చి భోజనాలకు కూర్చుంటుండగా ఫోన్ మోగింది. ఒక పాత భవనంలో లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక పెద్దావిడ ఉంది. బొంగరం సంచీ భుజాన వేసుకున్నాడు.

“పండగపూటైనా ఇంట్లో ఉండరా? ఇంకెవరూ లేరా మీ ఆఫీసులో?” అంది భార్య. నిజానికి ఉన్నారు. ఆయన చెప్పులు వేసుకోవడంలోని తొందర చూసి ఆవిడకు ఒళ్ళు మండింది.

ఆయన సగం మెట్లు దిగేసరికి వెనక పరుగు వినిపించింది. నీలం గౌనులో పెద్దది.

“మా వల్లే వెళ్ళిపోతున్నారా అంకుల్? మేం గదిలోనే ఉంటాం. బయటికి రాం.”

బొంగరం సంచీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. కాదు అంటే అబద్ధం, అవును అంటే అదీ అబద్ధమే. “నాతో వస్తావా? ఒక మనిషి సాయం కావాలి” అన్నాడు చివరికి.

ఆ పిల్ల పైకి తిరిగి, “చెల్లీ, ఇప్పుడే వస్తా!” అని అరిచింది. చెల్లెల్ని వదిలి బయటికి కదలడం అదే మొదటిసారి.

ఆ భవనంలో పెద్దావిడ లోపల్నుంచి తలుపు బాదుతూ ఏడుస్తోంది. చుట్టూ చేరినవాళ్ళు “రెండే నిమిషాలు, రెండే నిమిషాలు” అంటున్నారు.

“ఎవరూ నిమిషాలు చెప్పకండి” అని కసిరాడు బొంగరం. తర్వాత పిల్ల పక్కన వంగి, “నేను పైన మోటారు గదిలో చక్రం చేత్తో తిప్పాలి. ఎంతసేపు పడుతుందో తెలీదు. నువ్విక్కడ ఆవిడతో మాట్లాడుతూ ఉండు. లిఫ్టు నేలకి సమానంగా రాగానే కేకెయ్” అన్నాడు.

ఆయన పైకెళ్ళి కరెంటు ఆపి, బ్రేకు వదులు చేసి చక్రం తిప్పుతుంటే మెట్లదారిలోంచి ఆ పిల్ల గొంతు పైదాకా వచ్చింది. “అమ్మమ్మగారూ, అంకుల్ పైనే ఉన్నారు. ఎంతసేపో తెలీదన్నారు. కానీ వెళ్ళిపోలేదు. నేనూ వెళ్ళను. మీ ఇంట్లో ఎవరెవరుంటారు?”

కేక వినబడి ఆయన కిందికి దిగేసరికి పెద్దావిడ ఆ పిల్లను కరుచుకుని ఉంది. “బంగారుతల్లి! ఎవరమ్మాయివమ్మా?” అని అడిగింది.

పిల్ల బొంగరం వైపు చూసి, వెంటనే నేల చూసుకుంది. ఆయన వంగి, సర్దిన పనిముట్లనే సంచీలో మళ్ళీ సర్దాడు.

మర్నాడు పొద్దున్న వార్డెన్ వచ్చింది. భార్య చిన్నదాన్ని ఎత్తుకుని, “మళ్ళీ ఆదివారం...” అని మొదలెడుతుంటే బొంగరం ఆవిడ భుజం పట్టుకుని ఆపాడు.

“చెప్పకు. ముందు కనుక్కుని, తర్వాత చెబుదాం.”

పిల్లలు వెళ్ళాక ఆవిడ ఆయనతో పోట్లాడింది. రాయి గుండె అంది. ఆయన చెప్పులు వేసుకుని తిన్నగా ఆశ్రమానికి వెళ్ళి, ఇద్దర్నీ ఉంచుకోవాలంటే ఏం చెయ్యాలని అడిగాడు.

అది తేలికగా తెమల్లేదు. ఎవరెవరో అధికారులు ఇల్లు చూడటానికొచ్చారు. ఆశ్రమం ముందుగదిలో ఆయన పచార్లు చేస్తుంటే వార్డెనుకు కళ్ళు తిరిగి, “కూర్చోండి బాబూ, మీకు దణ్ణం పెడతాను” అంది. ఎండలు ముదిరే నాటికి అక్కాచెల్లెళ్ళు సంచులతో వచ్చారు. చిన్నది వారంలోనే ఇల్లు పీకి పందిరేసింది. పెద్దది మాత్రం వానలు వచ్చి వెళ్ళినా పళ్ళేలు తోముతూనే ఉంది, కుర్చీ అంచునే కూర్చుంటూ ఉంది. భార్య లోలోపల కుమిలిపోయింది.

ఒక రోజు తలపిన్ను దగ్గర కూతురికీ పెద్దదానికీ గొడవ వచ్చింది. మాటా మాటా పెరిగి జుట్లు పట్టుకున్నారు. భార్య ఇద్దర్నీ సమానంగా ఉతికింది. పెద్దది గదిలోకి పోయి దఢాలున తలుపేసుకుంది. అన్నానికి పిలిస్తే, “నాకేం అక్కర్లేదు! మీ అమ్మాయికే పెట్టుకోండి!” అని లోపల్నుంచి అరిచింది.

భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బొంగరం మొహం మాత్రం వెలిగిపోతోంది.

“అలిగిందే! విన్నావా? అలిగింది!” అన్నాడు.

“దానికి సంబరమా?”

“పిచ్చిదానా, చుట్టాలు అలగరే” అంటూ కంచంలో అన్నం పెట్టుకుని తలుపు దగ్గరికి నడిచాడు.