ఇరవై ఒక్క గళ్ల భయం

ఆ రోజుల్లో భయానికి విడిగా ఒక పేరు పెట్టుకునే అలవాటు మాకు లేదు. గుండె దడదడలాడినా, చేతులు వణికినా, నిద్ర పట్టకపోయినా ఇంటిల్లిపాదీ కలిసి ఒకటే తేల్చేవారు: వేడి చేసింది. ఇప్పుడు కొంపల్లిలో ఉండే మా మనవరాలు ఆఫీసులో మీటింగు ఉందంటే చాలు, ఎండుటాకులు నింపిన చిన్న సంచిని వేడినీళ్లలో ముంచి, "టెన్షన్‌కి మంచిది అమ్మమ్మా, అంతా నాచురల్" అంటుంది. ఎంతసేపు ముంచాలి అని అడిగితే "కొంచెంసేపు" అంటుంది. ఆ మాట నాకు మింగుడుపడదు. మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో చెప్పాలి. ఈ జబ్బు నాకు ఇరవయ్యో ఏటి నుంచీ ఉంది (లెక్కల జబ్బు, భయం జబ్బు, రెండూ, ఏది ముందు వచ్చిందో మాత్రం ఎక్కడా రాసి పెట్టుకోలేదు).

అప్పుడు మా ఇల్లు మేడ్చల్‌లో, ఉద్యోగం శామీర్‌పేట చెరువు దగ్గర ఒక చిన్న బడిలో. తాత్కాలికపు టీచరుని. నాతోపాటు ఇంకొకతను కూడా తాత్కాలికమే. పిల్లలు అతన్ని కళ్లద్దాల సారు అనేవారు. ఇద్దరిలో ఒకరినే పర్మినెంటు చేస్తారు. మాఘమాసంలో ఇన్‌స్పెక్టరు గారు వచ్చి ఇద్దరి పాఠాలూ విని, ఎవరి పేరు రాస్తే వారిదే ఆ కుర్చీ. మా బాపు ముందే తేల్చి చెప్పేశాడు: "ఈ ఎండకాలం దాంక జూస్త బిడ్డా. పర్మినెంటు అయితె సరే. కాలేదనుకో, ఇగ బస్సు బంద్, బడి బంద్." ఇంట్లో కూర్చోవడమంటే నాకు ప్రాణం పోయినట్టే. పోనీ పాఠం చెప్పడం రాదా అంటే వచ్చు. పిల్లల ముందు గంటలకొద్దీ చెప్పగలను. పెద్దవాళ్లు ఒక్కరు వచ్చి వెనక కూర్చుంటే మాత్రం అరచేతుల్లో ఊట పుట్టేది. సుద్దముక్క తడిసి బోర్డు మీద రాయడం మానేసేది. ఒకసారి హెడ్మాస్టరు గారు గుమ్మంలో నిలబడి చూస్తుండగా నేను రాసిన ఎక్కం మొత్తం కనబడకుండా పోయింది; ఆయన తన కళ్లకే ఏదో అయిందని కంగారుపడ్డారు.

ఇన్‌స్పెక్షనుకు పదహారు రోజులు ఉందనగా వైద్యం మొదలుపెట్టాను. నా పద్ధతిలో. సిరా పీల్చే అద్దుడు కాగితాన్ని చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్క మీదా అయిదు అడ్డం, అయిదు నిలువు, మొత్తం ఇరవై అయిదు గళ్లు గీశాను. ఇన్‌స్పెక్టరు గారిని కళ్లముందు ఊహించుకుని, ఆ ముక్కను పిడికిట్లో పట్టుకుని అరవై లెక్కపెట్టి, ఎన్ని గళ్లు తడిశాయో చూసుకునేదాన్ని. మొదటి రోజు ఇరవై ఒకటి. భయమని ఎవరికీ చెప్పలేదు. బాపు "ఏందే గా కాయితం పిడికిట్ల?" అంటే "సైన్సు పాఠానికి" అన్నాను.

కన్నతల్లి కదా, అవ్వ దగ్గర మాత్రం ఏదీ దాగదు. "దడుసుకున్నట్టున్నవ్. తులసాకు, మిరియాలు కాసి ఇస్త, తాగు" అంది. మిరియాలు ఎన్ని అని అడిగాను. "గిన్ని." ఆకులు? "గింత." నీళ్లు? "నీ తలకాయంత! తాగుతవా, నన్ను ఇమ్తిహాన్ జేస్తవా?" పరీక్ష నేను వదల్లేదు. ఆమె గుప్పెటలోంచి తీసి లెక్కపెడితే మొదటి రోజు తొమ్మిది మిరియాలు, రెండో రోజు పద్నాలుగు. మూడో రోజు కడుపులో మంట పుట్టి, ఆ మంట ముందు భయం చిన్నబోయింది కానీ తగ్గలేదు. ఇరవై గళ్లు. పక్కింటి చిన్నమ్మ పాలలో జాజికాయ అరగదీసి ఇచ్చింది. అది అద్భుతంగా పనిచేసింది, నాలుగే గళ్లు. కాకపోతే మర్నాడు పొద్దున ఏడూ ఇరవై బస్సు వెళ్లిపోయిన గంటన్నరకు లేచాను. భయం పోయింది, దాంతోపాటు ఒక రోజు బడీ పోయింది. తర్వాత హెడ్మాస్టరు గారు ఏ సందర్భంలోనో నాలుగు అంకెలు పీల్చి ఎనిమిది అంకెలు వదిలితే మనసు కుదుటపడుతుందన్నారు. బస్సులో కళ్లు మూసుకుని అదే చేస్తుంటే పక్కనున్న పెద్దాయన గాభరాగా లేచి నిలబడి, "జర జాగ ఇయ్యున్రి, పోరికి దమ్ము లేసింది!" అని బస్సంతా వినబడేలా అరిచాడు. మంచి మనసు. నాకు ఇరవై మూడు గళ్లు.

ఇంక నాలుగు రోజులే ఉన్నాయి. బడి గోడ పక్కన నీడలో కూర్చుని వలలు బాగుచేసుకునే ఒక పెద్దావిడ ఉండేది. చెరువులో చేపలు పట్టే కుటుంబం. ఆమె మనవడు నా తరగతే. మేమంతా చెరువు పెద్దమ్మ అనేవాళ్లం. మధ్యాహ్నం నేను పిడికిలి బిగించి లెక్కపెట్టుకుంటుంటే వచ్చి నా చెయ్యి విప్పి చూసింది.

"ఏందమ్మా గిది! చేతుల చెరువు వెట్టుకున్నవ్. రేపో మాపో చేప పిల్లల ఇడుస్తవా?"

నవ్వబోయి ఏడ్చేశాను. అంతా చెప్పేశాను. ఆమె వల పక్కకు పెట్టి, "ఓస్, గింతేనా! మైదాకు నూరి వెడ్త. సల్లగైతది. చెమట సుక్క రాదు" అంది. (మైదాకంటే గోరింటాకే. కోస్తా నుంచి వచ్చి మా కాలనీలో ఉంటున్నవారి కోసం చెబుతున్నాను.) ఎంతసేపు ఉంచుకోవాలి అని అడిగాను. ఆమె ఏమాత్రం తడుముకోకుండా, "ఏడు గంటలు" అంది. ఆ క్షణంలో ఆమె మీద నాకు కలిగిన గౌరవం ఇంత అని చెప్పలేను. నాకు గంటల్లో జవాబు చెప్పిన మొదటి వైద్యురాలు ఆమే. ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. రెండు అరచేతులకూ, మణికట్ల దాకా, అరికాళ్లకూ దట్టంగా పట్టించింది. ఏడు గంటలూ కదలకుండా కూర్చున్నాను. అన్నం కూడా ఆమే తినిపించింది. మర్నాడు పరీక్ష చేస్తే రెండు గళ్లు! మళ్లీ చేశాను. రెండే.

ఆ సంతోషంలో ఒక సంగతి నాకు తట్టలేదు. ఆషాఢంలో ఎవరి చేతులు పండినా ఎవరూ పట్టించుకోరు. మాఘంలో, ఊరినిండా పెళ్లిళ్ల డప్పులు మోగుతున్నప్పుడు, పెళ్లికాని పిల్ల చేతులూ కాళ్లూ ఎర్రగా పండించుకుని బస్సు దిగితే చూసేవాళ్లు ఏమనుకుంటారు? అన్ని లెక్కలు వేసిన నేను ఆ ఒక్క లెక్కా వెయ్యలేదు.

మంగళవారం ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. పొడుగాటి మనిషి, ఎప్పుడూ చేతులు వెనక్కి కట్టుకునే ఉండేవారు. అది దర్పమని అందరం వణికేవాళ్లం. నా పాఠం భిన్నాలు. జొన్నరొట్టె తెచ్చి, పొడి చేతులతో దాన్ని నాలుగు సమభాగాలు చేశాను. బోర్డు మీద సుద్ద గలగలలాడింది. వెనక బెంచీ పిల్లవాడు కూడా "రెండు పావులు కలిస్తే సగం" అని చెప్పాడు (ఆ సగం తినేశాక చెప్పాడు, అయినా చెప్పాడు). పాఠం అయ్యాక ఇన్‌స్పెక్టరు గారు నా చేతులకేసి చూసి చిరునవ్వు నవ్వారు.

"చక్కటి పాఠం అమ్మాయీ. ముహూర్తం ఎప్పుడు?"

"ఏ ముహూర్తం సార్?"

"దాచుడెందుకమ్మా, ఊరంత ఎర్కే" అన్నారు హెడ్మాస్టరు గారు. "మంచిదే. మాకు గూడ భోజనం వెట్టియ్యాలె మరి."

"అత్తవారి ఊరికి వెళ్లిపోయే అమ్మాయికి కుర్చీ ఇచ్చి, వచ్చే ఏడు మళ్లీ వెతుక్కోవడం దేనికి? ఆ అబ్బాయి పేరే రాస్తాను" అంటూ ఇన్‌స్పెక్టరు గారు రిజిస్టరు వైపు తిరిగారు. కళ్లద్దాల సారు అద్దాలు తుడుచుకుని నాకు శుభాకాంక్షలు కూడా చెప్పాడు.

పెళ్లి లేదని అన్నాను. ఎవరూ నమ్మలేదు. మరి ఇదేమిటని నా చేతులు చూపించారు. భయమని చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే కుర్చీ పోతుంది. చెరువు పెద్దమ్మకు తప్ప ఎవరికీ చెప్పని మాటను పిల్లల ముందు, మాస్టార్ల ముందు అనేశాను.

"భయం సార్. మీరంటే. చేతులు తడుస్తాయి. అందుకే పెట్టుకున్నాను."

అప్పుడు కిటికీ ఊచల అవతల నుంచి చెరువు పెద్దమ్మ గొంతు లేచింది. "అవ్ సారూ, నేనే వెట్టిన! పెండ్లి లేదు గిండ్లి లేదు. మిమ్ముల తలుసుకుంటెనే పోరి చేతులు కారుతయి. గంత పరేషాన్ జేస్తిరి బిడ్డని!" పిల్లలు విరగబడి నవ్వారు. నేను నేలలోకి దిగిపోయే దారి కోసం చూశాను.

ఇన్‌స్పెక్టరు గారు నవ్వలేదు. అందరినీ బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, చాలా చిన్న గొంతుతో అడిగారు. "ఎన్ని గంటలు ఉంచుకోవాలి?"

"ఏడు గంటలు సార్. ఇరవై ఒక్క గళ్ల నుంచి రెండుకు వచ్చింది."

గళ్లేమిటో అడగలేదు. వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకు తెచ్చారు. పిడికిట్లో నలిగిన చేతిరుమాలు, పిండితే నీళ్లొచ్చేలా ఉంది. "వచ్చే వారం మా పైఅధికారి వస్తున్నారు" అన్నారు.

రిజిస్టరులో నా పేరే రాశారు. పాఠం బాగుందని రాశారు, భయం సంగతి రాయలేదు. రెండు వారాల తర్వాత ఇంకేదో పని మీద మళ్లీ వచ్చినప్పుడు ఆయన రెండు చేతులూ దానిమ్మ గింజల్లా ఉన్నాయి. చెరువు పెద్దమ్మ ఎదురై, "ఏంది సారూ, గీ వయసుల మల్ల పెండ్లా?" అని అడిగింది. పాపం, చేతులు మళ్లీ వెనక్కి పోయాయి. నా చేతుల పొడితనం తొమ్మిది రోజులే నిలిచింది. పదో రోజు కాగితం మీద మళ్లీ ఇరవై ఒకటి.

ఆ బడితో మొదలుపెట్టి ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పాను. ప్రతి జూన్‌లోనూ మొదటి రోజు, తల్లిదండ్రులు గుమ్మంలో నిలబడి చూస్తుంటే చేతులు తడిశాయి. ముప్పై నాలుగు సార్లకు ముప్పై నాలుగు సార్లూ. అయితే హాజరు పట్టీ తీసి పేర్లు పిలవడం మొదలుపెడితే, ఏడో ఎనిమిదో పేరు దగ్గర వాటంతటవే ఆరిపోయేవి. ఏ ఆకూ నూరకుండా. ఈ సంగతి గమనించడానికి నాకు పదకొండేళ్లు పట్టింది, గమనించాక ఎవరికీ చెప్పలేదు.

మొన్న కంటి శుక్లాల ఆపరేషనుకు మేడ్చల్‌లో ఒక ఆసుపత్రికి వెళ్లాను. పచ్చగౌను తొడిగి బల్ల మీద పడుకోబెట్టారు. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మా, చేతులు గిట్ల తడిసినయేంది? భయమైతాందా?" అంది. నేను పెదవులు కదపడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆమె వంగి నా నోటి దగ్గర చెవి పెట్టింది.

"ఎవర్ని పిలుస్తున్నవ్ పెద్దమ్మా?"

"మూడో తరగతిని" అన్నాను.

"ఎంతమంది అచ్చిన్రు?"

"ముప్పై ఒక్కమంది. ఇవాళ అందరూ వచ్చారు."