గేజి మీద లేని సున్నా

కరుణమ్మకు వాన కబురు ఫోన్లో వస్తుంది. జూలైలో ఏదో ఒక ఉదయం కూతురు ప్రసన్న సతారా జిల్లా నుంచి ఫోన్ చేసి, "అమ్మా, నిన్నటి నుంచి తెరిపి లేదు. రేకుల మీద చప్పుడికి పేషెంట్లు ఏం చెప్తన్నారో కూడా ఇనపడట్లా" అంటుంది. ఆ అమ్మాయి మహాబలేశ్వరం కొండల దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు మాచవరం మండలంలో మబ్బు తునక కూడా ఉండదు. అయినా కరుణమ్మ ఎండిన కాలువ వంక చూసి, "ఇంక నెల పట్టుద్ది" అనుకుంటుంది.

ఆ కొండల మీద జూలై ఒక్క నెలలో కురిసేంత వాన మాచవరంలో రెండేళ్ళు కలిపినా కురవదు. అక్కడ పడ్డ నీరు చెరకు తోటలన్నీ తాగాక కర్ణాటకలో దిగాలి. ఆల్మట్టి నిండాలి, నారాయణపూర్ నిండాలి. తెలంగాణలో జూరాల దాటాలి. శ్రీశైలం నిండి గేట్లెత్తితే సాగర్‌కు వస్తుంది. మాచర్ల పక్క బండ తొలిచి తీసిన కుడి కాలువలో పడి, అందులోంచి మేజరు కాలువకు, దాంట్లోంచి మైనరు అనే పిల్ల కాలువకు చేరితే, అప్పుడు కరుణమ్మ చేతికి అందుతుంది.

ఆమె లస్కరు. మైనరు కాలువ మొదట్లో ఉన్న షట్టరు చక్రం తిప్పి నీళ్ళు వదలడం, ఆపడం, మట్టం చూసి రిజిస్టరులో రాయడం, తొమ్మిది కిలోమీటర్ల కట్ట వెంట నడవడం ఆమె పని. ఏడేళ్ళ క్రితం భర్త జ్ఞానయ్య గుండె ఆగి ఇదే కట్ట మీద పోయాడు. ఆయన పర్మినెంటు లస్కరు. ఆయన చోట ఆమెను ఔట్‌సోర్సింగులో పెట్టుకున్నారు. ఆయన రోజుల్లో ఈ కట్ట మీద అయిదుగురు తిరిగేవారు. ఇప్పుడు ఆమె ఒక్కతే. కట్ట పొడుగునా ఆడమనిషి కాసేపు చాటుకు పోవడానికి గది లేదు, వానకు కోటు లేదు, పాముకు బూటు లేదు. నాలుగు రాష్ట్రాలు కోర్టుల్లో కొట్లాడుకునే నీళ్ళను చివరికి పొలానికి చేర్చే మనిషికి ప్రభుత్వం ఇచ్చిన సామాను ఒక రిజిస్టరు, ఒక పెన్ను. పాములకోసం ఆమె దగ్గర భర్త వెదురు కర్ర ఉంది. దాని మీద అడుగుకొక గాటు ఆయనే కత్తితో పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టాడో ఆమె ఎప్పుడూ అడగలేదు.

ఈ ఫిబ్రవరి మొదట్లో, వంతుల వారీగా నీళ్ళిచ్చే వారబందీ నడుస్తోంది. మైనరుకు అయిదు రోజులు నీళ్ళు, పది రోజులు బందు. సోమవారం ఉదయం ఆరుకు షట్టరెత్తితే శుక్రవారం సాయంత్రం ఆరుకు దించాలి. ఆర్డరు ప్రకారం మైనరులో మూడడుగుల నీళ్ళు పారాలి. మూడడుగులు పారితే చివరి తూము దాకా అందుతాయని ఎప్పుడో ఇంజనీర్లు కట్టిన లెక్క.

బుధవారం పొద్దున కరుణమ్మ గేజి దగ్గరుండగా హబీబుల్లా వచ్చాడు. కాలువ గోడ మీద రంగుతో వేసిన అడుగుల కొలతనే గేజి అంటారు. హబీబుల్లాది చివరి తూము. రెండెకరాల కౌలు మిరప. మొదటి కోత అయింది, రెండో కోతకు కాయ పట్టే వేళ. మూడు వంతుల నుంచీ నీళ్ళు సరిగా అందక పూత రాలుతోంది. ఈ వంతు కూడా తప్పితే చేను వదిలేయడమే.

"అక్కా, ఎంత రాసినవ్ ఇయ్యాల?"

"గేజి ఎంతుంటే అంత. మూడు."

"మూడడుగులు ఇక్కడ బయల్దేరినయ్. నా కాడికి తడి కూడా రాట్లా. దారిలో కోటప్పకొండ ఎక్కడానికేమన్నా పోతన్నయ్యా?"

పక్కనే గట్టు మీద చలమయ్య పళ్ళు తోముకుంటున్నాడు. మొదటి తూము కింద ఆయనకు ఆరెకరాలు. ఆరుతడి పంటలకని ఇచ్చిన నీళ్ళతో వరి వేస్తాడు, గట్టున కాలువ నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను కూడా ఉంది. నాలుగేళ్ళుగా చివరి ఊరివాళ్ళ తిట్లన్నీ ఆయనకే.

"నా వంక చూడమాకరా. ఇంజను తిప్పి పది రోజులైంది. కావాలంటే పట్టి చూడు, చల్లగా ఉందో లేదో," అన్నాడు వేపపుల్ల తీసి. "ఏమే కరుణమ్మా, చెప్పవేందే?"

ఆమెకు యాభై రెండేళ్ళు. ఆయనకు ఆమె 'ఏమే'నే. ఆ మాటకు ఆమె ఏనాడూ తల తిప్పి చూడదు, పని ఆపదు. కానీ హబీబుల్లా మాట గుచ్చుకుంది. దొంగ రాతలు రాస్తుందనే మాట ఆమె మీద ఇంతవరకూ పడలేదు.

"నేను అబద్ధం రాస్తన్నానంటావా తమ్ముడూ? ఇటు రా. నీ కళ్ళతోనే చూడు," అని చేతిలో కర్రను గేజి పక్కనే నీళ్ళలోకి దింపింది. అడుగున కాంక్రీటుకు టక్కుమని తగిలింది. బయటికి తీసి తడి ఎంతవరకుందో చూసింది.

రెండో గాటు మీద బెత్తెడు.

మళ్ళీ దింపింది. మళ్ళీ అంతే. గోడ మీద మాత్రం నీటి గీత సరిగ్గా మూడు అంకె మీద ఆడుతోంది.

"గాట్లు తప్పేమో," అంది.

హబీబుల్లా లుంగీ ఎగగట్టి కాలువలోకి దిగి గేజిని ఆనుకుని నిలబడ్డాడు. "మూడడుగులైతే నా నడుం తడవాల అక్కా. తొడ దాటలా!"

చలమయ్య కూడా దిగివచ్చాడు. ముగ్గురూ వంగి నీళ్ళ అడుగున గోడ మీది అంకెల వంక చూశారు. అందరికన్నా ముందు ఆయనకే తట్టింది. "సున్నా ఏదే? ఒకటి నుంచే ఉందిగా అంకెలు!"

అప్పుడు కరుణమ్మకు నాలుగేళ్ళ కిందటి ఎండాకాలం గుర్తొచ్చింది. కాలువ బాగుచేయించారు. గేజి దగ్గర అడుగున గుంతలు పడ్డాయని గుత్తేదారు మనుషులు ముప్పావు అడుగు మందాన కాంక్రీటు పోశారు. గోడ మీది సున్నా దాని కింద పడిపోయింది. తర్వాత రంగులు వేసే అతను వచ్చాడు. అడుగంతా ఒండ్రు పేరుకుని ఉంటే సున్నా బురద కింద ఉందనుకుని, కనిపించిన పాత అంకెల మీదే కొత్త రంగు దిద్ది పోయాడు. ఏటా అదే రంగు, అవే అంకెలు. గేజి మూడు చూపితే కాలువలో ఉన్నది రెండుంబావు.

ఆ మూడును నాలుగేళ్ళుగా రోజూ రిజిస్టరులో రాసి సంతకం పెట్టింది తనే. చివరి ఊరివాళ్ళు నీళ్ళు రావట్లేదని ఎన్నిసార్లు అర్జీ పెట్టినా, ఆఫీసులో ఆమె రిజిస్టరు తీసి చూపి, 'మూడడుగులు ఇచ్చాం, దారిలో మీవాళ్ళే తోడుకుంటున్నారు, మీరే చూసుకోండి' అని పంపేవారు. చివరి ఊరు మొదటి ఊరిని తిట్టింది. మొదటి ఊరు చివరి ఊరి మీదికి కర్రలెత్తింది. పై రాష్ట్రం తోడేస్తోందని కింది రాష్ట్రం ఏడ్చే ఏడుపు ఈ తొమ్మిది కిలోమీటర్లలోనూ ఏడ్చారు. కాంక్రీటు పోసినవాడి వంక ఒక్కరూ చూడలేదు.

"నాలుగేళ్ళు నన్ను దొంగని చేశారు గదరా!" అన్నాడు చలమయ్య. ఆయన ముఖంలో కోపం కన్నా సంతోషమే ఎక్కువ కనబడింది.

"నువ్వు దొంగవి కాదని ఎవురన్నారు మామా? ఈ నాలుగేళ్ళకు కాదంతే," అన్నాడు హబీబుల్లా కాలువలోంచి.

కరుణమ్మ నవ్వలేదు. ఏఈ క్రాంతి కుమార్‌కు ఫోన్ చేసింది. మూడు మండలాలకు ఆయనొక్కడే ఇంజనీరు.

"చూడమ్మా, నేనొచ్చి ఏడాదే అయింది. ఇప్పుడు గేజి తప్పంటే నాలుగేళ్ళ రిజిస్టరు తప్పవుతుంది. సంతకాలు నీవి. నీది పర్మినెంటు ఉద్యోగం కూడా కాదు. ఈ వంతు ఇట్లాగే పోనియ్. సీజన్ అయ్యాక చూద్దాం."

"సీజన్ అయ్యేసరికి ఆ చేను ఉండదు సార్."

"మూడు దాటి రాస్తే పైవాళ్ళు నన్నడుగుతారు."

"ఆర్డర్లో మూడడుగుల నీళ్ళనే ఉంది సార్. మూడడుగుల రంగని లేదు."

ఆయన వద్దనలేదు, సరే అనలేదు. ఫోన్ పెట్టేశాడు.

ఆమె కట్ట మీద కూర్చుంది. ఈ ఉద్యోగం పోతే ఆమెకు ఇంకొకరి చేలో మిరపకాయ కోతే గతి. మోకాళ్ళు ఇప్పటికే వంగవు. ప్రసన్న డబ్బు పంపగలదు, కానీ కూతురు చెయ్యి చూసే బతుకు ఆమెకు ఇష్టం లేదు. హబీబుల్లా గట్టెక్కి లుంగీ పిండుకుంటున్నాడు. ఆమెను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కోపం వచ్చేదేమో.

లేచి షట్టరు దగ్గరికి నడిచి చక్రం పట్టింది. తుప్పు పట్టిన మర బిగుసుకుంది. హబీబుల్లా చెయ్యి వేయబోతే, "నువ్వు ముట్టమాక. రేపు నా మీద మాట వస్తే నా మీదే రావాల," అంది. నాలుగు చుట్లు తిప్పింది. గంట తర్వాత కర్ర దింపింది. మూడో గాటు తడిసింది. గోడ మీద గేజి మూడూ ముప్పావు చూపుతోంది. రిజిస్టరులో రెండూ రాసింది: 'గేజి 3-9. కర్ర 3-0. అడుగున కాంక్రీటు పోసినందున తేడా.' కింద సంతకం పెట్టింది.

గురువారం పొద్దున్నే ఏఈ బండి మీద వచ్చాడు. ఆమె ఏమీ వివరించకుండా కర్ర అందించింది. ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, మెట్టు మీద నుంచి తనే దింపి చూశాడు. తర్వాత జేబులోంచి టేపు తీసి గాట్ల మధ్య దూరం కొలిచాడు. ఒక్కొక్కటి సరిగ్గా పన్నెండు అంగుళాలు.

"ఎవరు పెట్టారమ్మా ఈ గాట్లు?"

"మా ఆయన. గేజిని నమ్మేవాడు కాదనుకుంటా సార్. నేను నమ్మా."

ఆయన తడి కర్రను గోడ పక్కన నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. రిజిస్టరులో ఆమె రాసిన వరుస రెండుసార్లు చదివాడు. పక్కన చిన్న సంతకం పెట్టాడు. గుత్తేదారు ఊసు ఎత్తలేదు. షట్టరు దించమని కూడా అనలేదు. ఆ సంతకానికి కూడా గుండె కావాలి, కాదనను. నాలుగేళ్ళు ఎండిన చేలకు లెక్క మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ మధ్యాహ్నం మూడింటికి నీళ్ళు చివరి తూము చేరాయి. ముందు ఎండాకులు, పుల్లలు, నురగ తోసుకుంటూ మెల్లగా వచ్చాయి. హబీబుల్లా పార వేసి మడవ తిప్పాడు. నీరు బోదెల్లోకి పాకింది. ఇది సహ్యాద్రి మీద పడిన వాన. ఈ చేలో కాయయి, కళ్లంలో ఎండి, గుంటూరు యార్డు దాటి దేశమంతా పోతుంది. ప్రసన్న పనిచేసే ఆసుపత్రి క్యాంటీన్లోనూ గుంటూరు కారమే వాడతారట.

శుక్రవారం సాయంత్రానికి ఒక ఎకరం తడిసింది. రెండోది సగం మిగిలింది. అయిదున్నరకు హబీబుల్లా ఫోన్ చేశాడు.

"అక్కా, ఒక్క రెండు గంటలు ఆగి దించు. సగం ఎకరమే."

"ఆరుకు దించాల తమ్ముడూ."

"ఇంత చేసి, రెండు గంటలకా?"

"అవతల మైనరుకు ఆరింటి నుంచి వంతు. దాని చివర కూడా నీలాంటోడు పార పట్టుకుని నిలబడి ఉంటాడు."

ఆమె ఆరుకు చక్రం తిప్పింది. ఎత్తేటప్పటికన్నా దించేటప్పుడు చేతులకు బరువెక్కువ అనిపించింది. కర్ర భుజాన వేసుకుని కట్ట దిగుతుండగా మళ్ళీ ఫోన్ మోగింది.

"అక్కా, ఇంకా వస్తన్నయ్!"

"వస్తయ్. తొమ్మిది కిలోమీటర్ల కాలువలో ఉన్న నీళ్ళన్నీ నీ కాడికే దిగాల. పొద్దుపోయిందాకా పారతయ్. ఫోన్ పక్కనబెట్టి మడవ చూసుకో."